పావు ఇంచు బరువు

మా ఊరు తెనాలి పక్కన. మా వైపు పాత ఇళ్లలో వరండా అంటే తాండూరు బండ పరిచి ఉండాల్సిందే. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా దాని మీద పడుకుని పెరిగినదాన్ని. అందుకే ఇల్లు బాగు చేయిస్తున్నప్పుడు టైల్సు వద్దని పట్టుబట్టాను. తెనాలిలో బండల కొట్టతను చెప్పిన ధర విని, అంతెందుకని అడిగాను. "బండ ధర సగమేనమ్మా, మిగతాదంతా లారీ కిరాయి," అన్నాడతను. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఆ మిగతా సగం సంగతేమిటో నేనే వెళ్లి తేల్చుకుంటానని సోమవారం పొద్దుటికల్లా తాండూరు స్టేషన్లో దిగాను.

తీర్థయాత్రలకు వెళ్లొచ్చినవాళ్లు చాలామంది రాశారు. బండలకు వెళ్లొచ్చినవాళ్లు రాసినట్టు లేదు. కాబట్టి రాస్తున్నాను.

తాండూరు

మేం అపురూపంగా చూసుకునే బండకు ఇక్కడ ఏ మర్యాదా లేదు. ప్రహరీ గోడ బండే, మురుగుకాలువ మూత బండే, చాయ్ దుకాణం ముందు కూర్చునే అరుగూ బండే. ఒకచోట కోళ్ల గూటికి కూడా నీలం బండతోనే తలుపు పెట్టారు. మిల్లుల నుంచి వచ్చే తెల్లటి పొడి చెట్ల ఆకుల మీద, మనుషుల కనురెప్పల మీద పేరుకుని ఉంది. బజారులో తెలుగూ ఉర్దూ కన్నడం ఒకే మాటలో కలిపేస్తారు. స్టేషను దగ్గర ఒకామె పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆగాను. రొట్టె పదిహేను రూపాయలు, కందిపప్పు ఊరికే. మా ఇంట్లో జొన్నరొట్టె షుగర్ ఉన్నవాళ్లు మొహం మాడ్చుకుని తినేది. ఇక్కడ లారీ వాళ్లు ఆరేసి లాగిస్తున్నారు. ఆ పప్పు రుచి చూశాక రెండు కిలోల తాండూరు కందిపప్పు కొని సంచీలో వేసుకున్నాను.

మిల్లు సేటు పెద్దమనిషి. ముందు చాయ్ తెప్పించి, తర్వాత ధర చెప్పాడు. రెండడుగుల చదరం, ఇంచు మందం పాలిష్ బండ, అడుగు ఇరవై ఎనిమిదన్నాడు. ఇరవై ఐదుకు తెగ్గొట్టాను. మొత్తం పదహారు వందల అడుగులు, అంటే నాలుగు వందల బండలు. బేరంలో నాకొక పద్ధతి ఉంది. నా ధర చెప్పేసి, ఎదుటివాడి మొహం చూడకుండా సంచీ సర్దుకోవడం మొదలుపెడతాను. చీరల కొట్లో, చేపల బజారులో, ఎక్కడా ఇది వమ్ము కాలేదు.

లారీ కోసం సేటు ఒక జంటను పిలిపించాడు. మల్లేశానికి నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, మాట తక్కువ. భార్య అంజమ్మకు ఆ మాటలు కూడా వచ్చాయి. ఆరు చక్రాల లారీ వాళ్ల సొంతం. అతను నడుపుతాడు, ఆమె క్లీనరు. జీతమిచ్చి క్లీనర్ని పెట్టుకుంటే గిట్టదట.

"ఇరవై నాలుగు వేలు ఇయ్యండ్రి టీచరమ్మా. గంత దూరం పోవాలె," అన్నాడు మల్లేశం.

"పద్ధెనిమిది," అని సంచీ సర్దుకున్నాను.

"పద్ధెనిమిదంటే పోవుడు రావుడు డీజిల్‌కే సరి అమ్మా!"

నేను కందిపప్పు పొట్లం తీసి మళ్లీ పెట్టాను. ఇరవై రెండన్నాడు. చెప్పులేసుకున్నాను. ఇరవై ఒకటికి తెగింది. బండలతోపాటు నేనూ లారీలోనే వస్తానన్నది నా షరతు. దారిలో ఒక్క బండ విరిగినా నా కళ్ల ముందు విరగాలి.

"రాండ్రి, నేను గూడ ఉన్న గద. ఫికర్ లేదు," అంది అంజమ్మ. "గని రేపు దినం లోపలనే లోడ్ కావాలె. బేస్తారం సాయంత్రం మాకు ఈడ ఇంకో లోడ్ ఉన్నది. గప్పటికి తిరిగి రావాలె."

మూడు వేలు తగ్గించానని ఆ సాయంత్రం మా చెల్లెలికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

కర్ణాటకలో డీజిల్

మంగళవారం పొద్దున్నే ఖాళీ లారీతో సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్లాం. ఎందుకంటే అక్కడ డీజిల్ లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ. మేం పెట్రోలు బంకుకు వెళ్లడానికి బద్ధకించి రేపుమాపని వాయిదా వేస్తాం. వీళ్లు రాష్ట్రం దాటి వెళ్తారు. బంకు ముందు తెలంగాణ నంబరు లారీలే బారులు తీరి ఉన్నాయి. బంకతను కన్నడంలో అడుగుతాడు, మల్లేశం తెలుగులో చెబుతాడు, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

లారీ ఎక్కడమే నాకో సాహసం. మొదటిసారి కాలు జారి చెప్పు తెగింది. అంజమ్మ సూదీ దారం తీసి నిమిషంలో కుట్టిచ్చింది. ముందు అద్దం దగ్గర అందరికీ నిమ్మకాయలు వేలాడతాయి. వీళ్లకు ఇత్తడి గంట వేలాడుతోంది. అదేమిటని అడిగాను.

"మా మందల ముందు నడిసే పొట్టేలుది. దాన్ని అమ్మినంక గంట మిగిలింది," అంది అంజమ్మ.

ధారూర్ దగ్గర వాళ్ల పల్లె. గొర్రెలు కాసిన కుటుంబం. యాభైకి పైగా ఉన్న మందలో ముప్పై అమ్మి ఈ పాత లారీ కొన్నారు. అప్పు కిస్తీలు కిందటేడు తీరాయి. అంజమ్మకు రూపాయల లెక్క వచ్చు, కానీ ఆమె బుర్రలో నడిచేది గొర్రెల లెక్క. గొర్రె అంటే పదివేలు.

"టైరుకు రెండు గొర్రెలు. ఇన్సూరెన్సు ఐదు గొర్రెలు, ఏడాదికోసారి. గొర్రె గడ్డి తిని పిల్లను పెడ్తది. ఇది డీజిల్ తాగి బిల్లు పెడ్తది," అంది.

నా ఇరవై ఒక్క వేలు ఏమవుతాయని అడిగాను. ఆమె వేళ్లు మడిచింది. పోయేటప్పుడు డీజిల్ పదివేలు. వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చినా ఏడు వేలు. రెండు వైపులా టోల్‌గేట్లకు రెండున్నర వేలు. తిండి, గాలి, పంక్చరు కలిపి వెయ్యి. లోడు కుదిర్చినందుకు మిల్లు మనిషికి ఐదు వందలు. నేను మనసులో కూడాను. సరిగ్గా ఇరవై ఒక్క వేలు.

"మరి మీకు మిగిలేదేమిటి?"

"ఆడికెల్లి వాపస్ లోడ్ దొరికితే గదే మాది. లేకుంటే ఉత్తగ తిరిగొచ్చుడే."

ఊళ్లో ఇసుక, ఇటుక తోలితే వచ్చేది ఇంటి ఖర్చుకు సరిపోతుందట. దూరం ట్రిప్పుల్లో మిగిలింది ఇన్సూరెన్సుకు దాస్తున్నారు. ఈ నెలాఖరుకు కట్టాలి. ఐదు గొర్రెల డబ్బులో ఇప్పటికి రెండు గొర్రెలవి చేరాయి. నా ట్రిప్పులో ఒకటి, బేస్తారం అంటే గురువారం ట్రిప్పులో ఒకటి మిగిలితే నాలుగు. తక్కువపడిన దానికి మందలోంచి అమ్మాలి. మందలో ఇప్పుడున్నవి ఇరవై రెండే.

"మా మామ పానమంత గా ఇర్వై రెండు మీదనే ఉన్నది టీచరమ్మా. ఒక్కటి అమ్ముతే మూడు దినాలు బువ్వ తినడు."

నేను తగ్గించిన మూడు వేల గురించి ఇద్దరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది.

నా తెలివి

మిల్లు దగ్గర లారీ నిలబెట్టి, వాళ్లిద్దరూ స్టెప్నీ టైరు పంక్చరు వేయించడానికి వెళ్లారు. హమాలీలు బండలు ఎత్తడం మొదలుపెట్టారు. బండను పడుకోబెట్టి పేర్చరు. అంచు మీద నిలబెట్టి, మధ్యలో వరిగడ్డి కుక్కుతారు. పడుకోబెడితే మొదటి గుంటలోనే పగులుతుందట. ప్రతి బండనూ వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే పక్కకు.

సేటు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఇంచు మీద పావు మందం పాత స్టాకున్నది. మీ ఇష్టమైతే గదే రేటుకు ఇస్త. వంద ఏండ్లయినా కదలదు," అన్నాడు. అదే ధరకు మందం బండ! క్షణం ఆలోచించలేదు. అవే వేయమన్నాను. చెల్లెలికి చెప్పుకోవడానికి మరో సంగతి దొరికింది.

మల్లేశం తిరిగొచ్చేసరికి బండల అంచుల మీద గడ్డి కప్పేసి తాళ్లు బిగిస్తున్నారు. కాంట దగ్గర, అంటే లారీలు తూచే చోట, పొడుగాటి వరస ఉండటంతో తూచకుండానే బయల్దేరదామనుకున్నాడు. బిల్లులో అడుగులే ఉన్నాయి. పదహారు వందల అడుగుల ఇంచు బండంటే పది టన్నులని అతనికి నోటి లెక్క.

"ఇంచు బండనే గదా టీచరమ్మా?" అని అడిగాడు.

"అన్నీ నేనే దగ్గరుండి వేయించాను," అన్నాను.

అది జవాబు కాదని నాకు తెలుసు. ఎందుకలా అన్నానో దాచకుండా రాయాలి. మందం అంటే అదో సాకుగా కిరాయి పెంచుతాడేమోనని భయపడ్డాను. బరువు గురించి మాత్రం నిజంగా తట్టలేదు. పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ ఎత్తు అని ముప్పై రెండేళ్లు బోర్డు మీద రాసిన చెయ్యి ఇది.

ధారూర్ కాంట

పెద్దేముల్ వైపు బండి సాగింది. రోడ్డు పక్కన కంది చేలు పూత మీద ఉన్నాయి. షేర్ ఆటోల్లో కూలికి వెళ్లే ఆడవాళ్లు వెనక కాళ్లు వేలాడేసి కూర్చుని, లారీలో కూర్చున్న నన్ను చూసి నవ్వారు. నేనూ చెయ్యి ఊపాను. మల్లేశం మాత్రం రోడ్డు చూడ్డం మానేసి శబ్దం వింటున్నాడు. ప్రతి చిన్న ఎత్తుకూ గేరు తగ్గించాల్సి వస్తోంది.

ఒకచోట ఆపాడు. అంజమ్మ దిగి వెనక చక్రాల పైన బరువు మోసే వంపు పట్టీలు, కమాన్ కట్టలు, చూసొచ్చింది.

"సాపుగ పండినయ్. పది టన్నులకు గిట్ల వంగయ్," అంది.

ధారూర్‌లో పత్తి తూచే కాంట ఖాళీగా ఉంది. బండెక్కించారు. బండి బరువు పోను పన్నెండున్నర టన్నులు. ఆ లారీ మోయడానికి అనుమతి ఉన్నది పదకొండే.

మల్లేశం చీటీ రెండుసార్లు చదివాడు. కాంట తప్పేమోనని మళ్లీ ఎక్కించి దించాడు. అదే అంకె. అప్పుడు ఒక పక్క గడ్డి తొలగించి, బండ అంచు మీద బొటనవేలు ఆనించి చూశాడు. నా వైపు తిరగలేదు.

"మందం బండ నేనే వేయించానయ్యా," అన్నాను. "నువ్వడిగినప్పుడు చెప్పలేదు. తప్పు నాది."

అతను అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే నాకే సులువుగా ఉండేది. "ముందట అనంతగిరి ఘాట్ ఉన్నది టీచరమ్మా. బ్రేక్ పోతే బండలు కాదు, మనం గూడ ఉండం," అన్నాడు అంతే.

కాంట మనిషి కలగజేసుకుని, అందరూ ఇలాగే పోతారు, దొరికితే చూసుకోవచ్చు అన్నాడు.

"దొరికితే ఫైన్ నువ్వు కడ్తవా? నా గొర్రెలు పోతయ్," అని అంజమ్మ అతని మీద పడింది. నా మీద పడాల్సిన కోపం ఆ అమాయకుడి మీద పడింది.

టన్నున్నర దించాలి. నేను వేళ్ల మీద లెక్కవేశాను. బండ ముప్పై ఒక్క కిలో, కాబట్టి నలభై ఎనిమిది బండలు. అంటే నూట తొంభై రెండు అడుగులు. మా వరండా పన్నెండు బై పదహారు. సరిగ్గా మా వరండా మొత్తం ఇక్కడే దిగిపోవాలి.

మంద దగ్గర

వాళ్ల పల్లె రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి. దొడ్డి పక్కన లారీ ఆపి మొగుడూ పెళ్లాలే దించడం మొదలుపెట్టారు. ముప్పై ఒక్క కిలోల బండను అంజమ్మ తొడకు ఆనించుకుని దించుతుంటే చూడలేక నేనూ ఒకటి పట్టుకున్నాను. వేలు నలిగింది. "మీరు జరుగుండ్రి, మీ పని గడ్డి ఏరుడు," అని నన్ను పక్కన కూర్చోబెట్టింది. మూడు గంటలు పట్టింది.

ఆ లోపల మంద ఇంటికొచ్చింది. వెనకాల మల్లేశం తండ్రి, భుజాన నల్ల గొంగడి. ఆయనకు సంగతి చెప్పారు. నా మీద చాడీలా కాదు, దారిలో వాన పడిందని చెప్పినట్టు చెప్పారు. ఆయన బండల చుట్టూ ఒకసారి తిరిగి, "బండి మల్ల గింత నిండ మేసిందా," అన్నాడు. తర్వాత నన్ను లోపలికి పిలిచి, గిన్నెలో మేకపాల చాయ్ ఇప్పించాడు. మా ఇంటికి వచ్చిన లారీ వాళ్లకు నేనెప్పుడైనా మంచినీళ్లిచ్చానా అని గుర్తు చేసుకున్నాను. గేటు బయట కొళాయి చూపించిన జ్ఞాపకం మాత్రమే ఉంది.

బయల్దేరే ముందు పర్సులోంచి మూడు వేలు తీసి అంజమ్మ చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గది ఒద్దు. ఇర్వై ఒకటికి మాట అయింది, అయిపోయింది. గని పది టన్నులకు మాట్లాడినం, ఇప్పుడు పదకొండు తీస్కపోతున్నం. టన్నుకు రెండు వేల వంద. గది ఇయ్యండ్రి."

ఇచ్చాను. నేను జాలి పడబోయాను, ఆమె రేటు కట్టింది. దించిన బండల సంగతి అడిగితే, "ఎప్పుడన్న గటు లోడ్ తగిలితే మీద ఏస్కొని వస్తం," అంది.

ఘాట్, వికారాబాద్

అనంతగిరి ఎక్కేటప్పుడు అంజమ్మ ఒళ్లో పెద్ద చెక్కమొద్దు పెట్టుకుని, తలుపు గడి మీద చెయ్యి వేసి కూర్చుంది. బండి ఎత్తులో ఆగిపోతే దూకి చక్రం కింద పెట్టాలట. అందరూ అడవి చూడ్డానికి వచ్చే కొండ అది. కార్లు ఆపి మొక్కజొన్న కంకులు తింటూ ఫోటోలు దిగుతున్నారు. నేను చెట్టూ చూడలేదు, పుట్టా చూడలేదు. పైకి చేరేదాకా ఆ చెక్కమొద్దునే చూశాను.

పొద్దుగూకే వేళకు వికారాబాద్ చేరాం. రాత్రంతా నడపాలనుకున్నారు గానీ, మూడు గంటలు బండలు దించిన ఒంటితో మల్లేశం వల్ల కాలేదు. నాకు బస్టాండు దగ్గర లాడ్జిలో గది, వాళ్లకు లారీలోనే పక్క. పొద్దున ప్లేటు నలభై రూపాయల ఇడ్లీ తింటుంటే పక్క బల్ల దగ్గర మర్పల్లి రైతు ఒకాయన మా మాటలు విని, "ఉల్లిగడ్డ పట్నం పంపుతే కిరాయి పోను నాకు సంచులే మిగిలినయ్. కిరాయి తీసుకున్న లారాయనకేం మిగిలిందో నేను అడగలే," అన్నాడు. మల్లేశం మొదటిసారి పైకి నవ్వాడు. "నాకు గూడ సంచులే అన్నా," అన్నాడు.

మా ఊరు

హైదరాబాదు బయటి నుంచే తిరిగి, మిర్యాలగూడ మీదుగా బుధవారం చీకటిపడే ముందు ఇంటికి చేరాం. అనుకున్న ప్రకారమైతే పొద్దుటికే చేరాలి. మా ఊరి కూలీలు అప్పటికే పని దిగిపోయారు. గురువారం పొద్దున గానీ బండలు దిగలేదు. మూడు వందల యాభై రెండూ క్షేమంగా దిగాయి.

ఆ తర్వాత మల్లేశంతో కలిసి లారీ ఆఫీసుకు నేనూ వెళ్లాను. హైదరాబాదుకు మినుముల లోడు ఉంది. ఏజెంటు మల్లేశం మొహం, బండి నంబరు ప్లేటు చూసి, "ఎనిమిది వేలు. ఖాళీగా పోయే బండేగా," అన్నాడు. మల్లేశం తల ఊపబోయాడు.

"పన్నెండు," అన్నాను.

"మీరెవరండీ?"

"బండి తాలూకు మనిషిని," అని, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాను. జన్మలో మొదటిసారి ధర పెంచడానికి సర్దుకున్నాను. లోడుతో వెళ్తే డీజిల్ ఎంత ఎక్కువ తాగుతుందో, టైరు ఎంతో, ఇన్సూరెన్సు ఎంతో ఏకరువు పెట్టాను. పొరపాటున టైరు ధర గొర్రెల్లో చెప్పానట, ఏజెంటు తెల్లబోయాడు. పదిన్నర వేలకు తెగింది.

ఇంటి దగ్గర అరిటాకుల్లో భోజనం పెట్టాను. గోంగూర పచ్చడి కలుపుకుంటూ అంజమ్మ వేళ్లు మడిచింది. పదిన్నర వేలలో లోడు వల్ల ఎక్కువయ్యే డీజిల్ రెండు వేలు పోతే ఎనిమిదిన్నర. నా ఎక్కువ టన్ను రెండు వేల వంద. "గొర్రె వచ్చింది. పైన ఆరు వందలు," అంది. నాకు పదో తరగతిలో నూటికి నూరు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు. గురువారం సాయంత్రం తాండూరులో వాళ్లకు మరో లోడుందన్న మాట ఆ సంతోషంలో నాకు గుర్తే రాలేదు. వాళ్లూ గుర్తు చేయలేదు.

మొన్న నెల తిరిగాక ఫోన్ చేశాను. ఇన్సూరెన్సు కట్టేశారట.

"గొర్రెలు?" అని అడిగాను.

"రెండు అమ్మినం. గా బేస్తారం లోడ్ అందలే గద. మేం పోయేసరికి వేరే బండి ఎత్తుకపోయింది."

మిల్లు దగ్గర అతనడిగినప్పుడు నేను తిన్నగా జవాబు చెప్పి ఉంటే ఆ మూడు గంటలూ, ఆ రాత్రీ పోయేవి కావు. కూలీలు దొరికేవారు, గురువారం లోడు అందేది, ఒక్క గొర్రెతో సరిపోయేది. బోర్డు అక్కర్లేని లెక్క ఇది. మా వరండాకు సిమెంటు చేయించేశాను కాబట్టి ఆ నలభై ఎనిమిది బండలు ఇక తేవద్దని చెప్పాను.

"మామ దొడ్ల పరిచిండు టీచరమ్మా. ఎండపూట సల్లగున్నదని జీవాలన్నీ దాని మీదనే పంటున్నయ్."

"ఎన్ని?"

"ఇర్వై."

"ఇరవై ఒకటి ఉండాల్సింది అంజమ్మా," అన్నాను.



"అవు టీచరమ్మా," అంది.